ఒక్క సీను బామ్మగారు

1941 డిసెంబర్‌లో వచ్చిన ‘ది వుల్ఫ్ మ్యాన్’ సినిమాలో మాలేవా అనే జిప్సీ ముసలమ్మకు బేలా అని ఒక కొడుకుంటాడు. ఆ కొడుకు వేషం వేసింది డ్రాకులాగా పేరు మోసిన బేలా లుగోసి. ఆయన పుట్టింది 1882లో. తల్లి వేషం వేసిన మారియా ఊస్పెన్‌స్కయా పుట్టింది 1876లో. తల్లికీ కొడుక్కీ ఆరేళ్ళ తేడా! ఇది తెలిసినప్పుడు నాకేమీ వింతగా తోచలేదు. పరిషత్తు నాటకాల్లో నాకంటే పెద్దవాళ్ళకు తల్లిగా వేశాను. ఇప్పుడు సీరియళ్ళలో నా ఈడువాడికి నాయనమ్మగా వేస్తున్నాను. మా వృత్తిలో మనిషి వయసు తేల్చేది మేకప్‌మనే.

ఆ సినిమా కథ జరిగేది వేల్స్‌లో. తీసింది కాలిఫోర్నియాలో, యూనివర్సల్ వాళ్ళు. తల్లి రష్యా నుంచి వచ్చింది, కొడుకు హంగరీ నుంచి వచ్చాడు, కథ రాసిన కర్ట్ సియోడ్‌మాక్ హిట్లర్ రాజ్యం వదిలి వచ్చేసిన జర్మన్ యూదు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడిన అయిదో రోజున సినిమా విడుదలైంది. అయినా జనం బాగానే చూశారు. ఈరోజు ఊస్పెన్‌స్కయా పేరు ఎవరైనా తలుచుకుంటున్నారంటే ఆ తోడేలు మనిషి సినిమా పుణ్యమే. దాంతోనే నాకు పేచీ. వేషం చిన్నదనో, సినిమా నాసిదనో కాదు. అసలు ఆవిడ సినిమా వేషాలు ఎందుకు కట్టిందో, ఆ డబ్బు ఎటు పోయిందో తెలియకుండా భూతాల సినిమా ముసలమ్మ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

ఆవిడది తూలా. సమోవార్లకూ తుపాకులకూ పేరున్న ఊరు, టాల్‌స్టాయ్ ఉన్న యాస్నాయా పొల్యానా ఆ పక్కనే. ముందు పాటగత్తె కావాలనుకుని సంగీతం నేర్చుకోవడానికి వార్సా వెళ్ళింది. తరవాత మాస్కోలో అదాషెవ్ నడిపే నాటక పాఠశాలలో చేరింది. 1911లో మాస్కో ఆర్ట్ థియేటర్‌లో అడుగుపెట్టేటప్పటికి ఆవిడకు ముప్ఫై అయిదేళ్ళు. మన దగ్గర హీరోయిన్‌కి వదిన వేషాలు మొదలయ్యే వయసు అది. బక్కపలచని మనిషి, పొట్టి, అందగత్తె అనిపించే ముఖం కాదు. కాబట్టి మొదటి రోజు నుంచీ ఆవిడ క్యారెక్టర్ నటే. దాసీలు, ఆయాలు, ముసలమ్మలు.

మరుసటి ఏడాది, 1912లో, ఆ థియేటర్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నటనలో తన కొత్త పద్ధతిని పరీక్షించుకోవడానికి కుర్రవాళ్ళను కూడగట్టి ‘ఫస్ట్ స్టూడియో’ పెట్టాడు. దాన్ని చూసుకునే బాధ్యత సులెర్‌జీత్‌స్కీ అనే ఆయనకు అప్పజెప్పాడు. ఊస్పెన్‌స్కయా అక్కడ మొదటి విడత మనిషి. అక్కడ జరిగిన సాధనలో ఒక తమాషా ఉంది. ఒంట్లో బిగువు సడలించడం, మనసు ఒకచోట నిలపడం, ఊపిరిలో ‘ప్రాణం’ అనే శక్తిని గమనించడం, ఇవన్నీ చేయించేవారు. ప్రాణం అన్న మాట మన యోగశాస్త్రంలోదే. స్టానిస్లావ్‌స్కీకి అది ‘యోగి రామచారక’ పేరుతో వచ్చిన పుస్తకాల్లో దొరికింది. ఆ యోగి ఎవరయ్యా అంటే విలియం వాకర్ అట్కిన్సన్ అనే అమెరికా పెద్దమనిషి, షికాగోలో కూర్చుని రాశాడు. మన ప్రాణాయామం అమెరికా వాడి చేతుల మీదుగా మాస్కో చేరి, అక్కడి నుంచి మళ్ళీ ఊస్పెన్‌స్కయాలాంటి వాళ్ళతో అమెరికా వెళ్ళిందన్నమాట. ఇంకా చాలా మజిలీలు దాటి మా పరిషత్తు రిహార్సళ్ళకూ వచ్చింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఫస్ట్ స్టూడియోకి బాగా పేరు తెచ్చిన నాటకాల్లో ఒకటి 1914లో వేసిన ‘క్రికెట్ ఆన్ ది హార్త్’. డికెన్స్ కథ. బొమ్మలు చేసే ముసలాడిగా మిఖాయిల్ చెహోవ్, అంటే రచయిత చెహోవ్ అన్న కొడుకు, వేశాడు. పిసినారి యజమానిగా వహ్తాంగొవ్ వేశాడు. చంటిపిల్లను ఎక్కడ ఏ గోడకు తగిలిస్తుందోనని చూసేవాళ్ళు హడలిపోయే తిక్క ఆయాపిల్ల టిల్లీ వేషం ఊస్పెన్‌స్కయాది. దాన్ని మరుసటి సంవత్సరం మూకీ సినిమాగా తీస్తే అందులోనూ ఉంది. 1922లో లెనిన్ ఈ నాటకం చూడటానికి వెళ్ళి, ఆ మధ్యతరగతి సెంటిమెంటు భరించలేక మధ్యలోనే లేచి వచ్చేశాడని ఆయన భార్య క్రూప్‌స్కయా రాసింది. ప్రేక్షకుడు మధ్యలో లేచిపోవడం మాకు కొత్తేమీ కాదు కానీ, లేచిపోయినవాడు లెనిన్ అయితే ఎలా ఉంటుందో!

అసలు మలుపు 1923. జనవరి 8న మాస్కో ఆర్ట్ థియేటర్ న్యూయార్క్‌లో మొదటి ఆట ఆడింది. నాటకాలన్నీ రష్యన్ భాషలోనే. చూసేవాళ్ళలో చాలామందికి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ నటనకు అమెరికా నాటకరంగం నోరు వెళ్ళబెట్టింది. చెహోవ్ ‘చెర్రీ ఆర్చర్డ్’లో ఊస్పెన్‌స్కయా షార్లెట్టాగా వేసింది. ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్, గారడీలు చేస్తుంది. తనకు సరైన పాస్‌పోర్టు లేదనీ, తన వయసెంతో తనకే తెలియదనీ చెప్పుకునే ఒంటరి మనిషి. రెండు సీజన్ల పర్యటన 1924లో ముగిసింది, బృందం మాస్కో తిరుగు ప్రయాణం కట్టింది. షార్లెట్టా వేసినావిడ న్యూయార్క్‌లోనే ఉండిపోయింది. నలభై ఏడో ఏట, సరిగా నోరు తిరగని ఇంగ్లీషుతో, అయినవాళ్ళంటూ లేని ఊళ్ళో. ఆ వయసులో నేను విజయవాడ నుంచి హైదరాబాద్ రావడానికే జంకాను.

ఫస్ట్ స్టూడియో రోజుల నేస్తం రిచర్డ్ బొలెస్లావ్‌స్కీ అప్పటికే న్యూయార్క్‌లో ‘అమెరికన్ లేబరేటరీ థియేటర్’ మొదలుపెట్టాడు. ఆయన ఉపన్యాసాలు చెప్పేవాడు, సాధన చేయించే పని ఊస్పెన్‌స్కయాది. ఒంటి కన్నుకు గాజుబిళ్ళ కళ్ళద్దం, చేతిలో సిగరెట్టు. అందరూ ‘మేడమ్’ అనాల్సిందే. లేని కప్పులోంచి లేని టీ తాగమనేది. కప్పు బరువు, వేడి, చెవి పట్టుకునే వేళ్ళు, అన్నీ కనపడాలి. ఎప్పుడో పడిన బాధనో సంతోషాన్నో, అది కలిగిన చోటు, వాసన, వెలుతురు గుర్తుచేసుకుంటూ మళ్ళీ రప్పించుకోమనేది. అన్నిటికంటే ముఖ్యం జంతువుల సాధన. ఒక జంతువును ఎన్నుకుని, అది నడిచే తీరు, మెడ తిప్పే తీరు, ఆగే తీరు ఒంటికి పట్టించుకోవాలి. తరవాత దాన్ని మెల్లగా మనిషిలోకి దించాలి.

మా పరిషత్తు దర్శకుడు ఒకాయన యూనివర్సిటీలో థియేటర్ చదువుకుని వచ్చినవాడు. ఒక నాటకంలో నాకు గయ్యాళి అత్త వేషం ఇచ్చి, కొన్నాళ్ళు కోడిపెట్టను చూడమన్నాడు. పక్కింట్లో పిల్లల కోడి ఉండేది. దాని దగ్గర కూర్చుంటే మా ఇంట్లోవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. కానీ గింజ దొరికినప్పుడు అది ముందు తల పక్కకు వంచి ఒక్క కంటితో చూస్తుంది, ఆ తరవాతే పొడుస్తుంది. ఆ ఒక్క కంటి చూపు నా అత్త పాత్రకు పెట్టుకున్నాను. కోడలు ఏదైనా చెబితే ముందు తల వంచి పక్కచూపు, ఒక్క క్షణం ఆగి, అప్పుడు డైలాగు. జనం నేను నోరు తెరవకముందే నవ్వడం మొదలుపెట్టారు. ఇది స్టానిస్లావ్‌స్కీ పద్ధతి అని దర్శకుడు చెప్పాడు. అప్పట్లో రష్యన్ పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికేవి, నేనూ కొన్ని కొన్నాను. నా చేతికొచ్చిన వాటిలో ఊస్పెన్‌స్కయా పేరు ఎక్కడా కనపడలేదు. అమెరికా నటులకు జంతువుల సాధన నేర్పినావిడ ఆవిడేనని నాకు తెలిసింది చాలా తరవాత, లీ స్ట్రాస్‌బర్గ్ సంగతులు చదువుతున్నప్పుడు.

లేబరేటరీ థియేటర్‌లో ఆవిడ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఈ స్ట్రాస్‌బర్గ్, స్టెల్లా ఆడ్లర్, హెరాల్డ్ క్లర్మన్ ఉన్నారు. క్లర్మన్, స్ట్రాస్‌బర్గ్ ఇద్దరూ చెరిల్ క్రాఫర్డ్‌తో కలిసి 1931లో ‘గ్రూప్ థియేటర్’ పెట్టారు, ఆడ్లర్ అందులో నటించింది. ఆడ్లర్ తరవాత న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో మార్లన్ బ్రాండోకు చదువు చెప్పింది. స్ట్రాస్‌బర్గ్ 1951 నుంచి ‘యాక్టర్స్ స్టూడియో’ను నడిపించాడు. ‘మెథడ్’ అని అమెరికా గొప్పగా చెప్పుకునే నటనకు పునాదిరాళ్ళు ఎత్తినవాళ్ళలో ఈ రష్యన్ ముసలమ్మ ఒకరు. అంతా ఆవిడ చలవే అంటే అబద్ధం. ఆడ్లర్ 1934లో పారిస్ వెళ్ళి స్టానిస్లావ్‌స్కీ దగ్గరే నేర్చుకుని వచ్చి స్ట్రాస్‌బర్గ్‌తో పెద్ద గొడవే పెట్టుకుంది. అయితే ఇద్దరికీ మొదటి అక్షరాలు దిద్దించినవాళ్ళలో మేడమ్ ఉంది.

తరవాత ఆవిడ సొంతంగా నాటక పాఠశాల పెట్టుకుంది. ఎవరు పెట్టినా నాటకాల బడి లాభసాటి బేరం కాదు. ఆవిడకూ డబ్బు ఇబ్బందులు వచ్చాయి. బ్రాడ్‌వేలో అడపాదడపా వేషాలు వేస్తూ ఉండేది. 1934లో సింక్లెయిర్ లూయిస్ నవల ‘డాడ్స్‌వర్త్’ను సిడ్నీ హోవర్డ్ నాటకం చేస్తే అందులో ఆస్ట్రియా దొరసాని వేషం దొరికింది. 1936లో గోల్డ్‌విన్ దాన్ని సినిమా తీస్తూ అదే వేషానికి ఆవిణ్ణే పిలిపించాడు. దర్శకుడు విలియం వైలర్. ఆయనా వలస వచ్చినవాడే, అల్సాస్ నుంచి. అలా అరవయ్యో ఏట ఆవిడకు హాలీవుడ్ తలుపు తెరుచుకుంది.

ఆ సినిమాలో ఆవిడకున్నది ఒకే ఒక్క సీను, అదీ కొద్ది నిమిషాలు. అమెరికా కోటీశ్వరుడు డాడ్స్‌వర్త్ భార్య ఫ్రాన్‌కి వయసు మీద పడుతోందన్న భయం. మొగుణ్ణి వదిలేసి వియన్నాలో తనకంటే చిన్నవాడైన కుర్ట్‌ని పెళ్ళాడాలనుకుంటుంది. కుర్ట్ తల్లి వస్తుంది. ఈ తల్లీకొడుకులు ఆస్ట్రియా వాళ్ళుగా వేసినా ఇద్దరూ రష్యన్లే, కుర్ట్ వేసిన గ్రెగొరీ గే పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఫ్రాన్ ఆ ముసలావిడను మెప్పించాలని తెగ హడావిడి పడుతుంది. దొరసాని కుర్చీలో నిటారుగా కూర్చుంటుంది. గొంతు ఒక్క మెట్టు కూడా పైకి పోదు. విడాకులు తమ మతం ఒప్పుకోదంటుంది. తన కొడుక్కి పిల్లలు కావాలి, నువ్వు కనగలవా అని సూటిగా అడిగేస్తుంది. చివరగా, చిన్నవాడైన మొగుడి పక్కన ముసలి పెళ్ళాం ఎలా సుఖపడుతుందంటుంది. అంతే. ఫ్రాన్ వేసిన రూత్ చాటర్టన్ ముఖంలో వయసు మన కళ్ళెదుటే బయటపడిపోతుంది.

మా సీరియళ్ళలో ఇదే సీను రాస్తే నాలుగు ఎపిసోడ్లు నడుస్తుంది. అత్తగారి ముఖం మీదికి కెమెరా మూడుసార్లు దూసుకొస్తుంది, ఉరుము పడుతుంది, నన్ను కళ్ళు పెద్దవి చేయమంటారు. ఊస్పెన్‌స్కయా కళ్ళు పెద్దవి చేయదు. ఆవిడకు ఫ్రాన్ మీద కోపం కూడా లేదు, అదీ ఆ సీనులో దెబ్బ. కొంచెం జాలి ఉందేమోనని కూడా అనిపిస్తుంది. విలన్ అత్తను ఎదిరించవచ్చు, జాలిపడే అత్తను ఎలా ఎదిరిస్తాం?

సహాయ నటులకు ఆస్కార్ ఇవ్వడం ఆ ఏడాది సినిమాలతోనే మొదలైంది. ఆ మొదటి జాబితాలోనే ఆవిడ పేరు ఉంది. గెలిచింది మాత్రం గేల్ సోండర్‌గార్డ్. గెలిచినా బొమ్మ చేతికి వచ్చేది కాదు లెండి. ఆ రోజుల్లో సహాయ నటులకు బొమ్మ బదులు ఒక ఫలకం ఇచ్చి పంపేవారు. పెద్ద పీటలు, చిన్న పీటలు అక్కడా ఉన్నాయి! రెండోసారి 1939 నాటి ‘లవ్ ఎఫైర్’కి నామినేషన్ వచ్చింది. మడీరా దీవిలో ఉండే బామ్మ వేషం. మనవడు ఓడ దిగి, వెంట ఒక అమ్మాయిని తీసుకుని చూడటానికి వస్తాడు. బామ్మ పియానో వాయిస్తే ఆ అమ్మాయి పాడుతుంది, ఇంతలో ఓడ కూత వినపడి ఇద్దరూ వెళ్ళిపోవాలి. ఈసారి గెలిచింది ‘గాన్ విత్ ది విండ్’లో మ్యామీ వేసిన హ్యాటీ మెక్‌డానియెల్, ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి. ఆ రాత్రి ఆవిణ్ణి తక్కిన నటుల మధ్య కాకుండా విడిగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ చేతిలో ఓడిపోయినందుకు ఊస్పెన్‌స్కయాకు నామోషీ ఏమీ లేదు.

ఇక ఆవిడ యాస గురించి. మన దగ్గర తెలుగు రాని అమ్మాయి హీరోయిన్‌గా వస్తే డబ్బింగ్ ఆర్టిస్టు గొంతు అతికిస్తారు. నేను రోజూ కన్నడ కోడళ్ళతో నటిస్తాను, వాళ్ళు కన్నడంలో తిడతారు, నేను తెలుగులో ఏడుస్తాను. హాలీవుడ్ వాళ్ళు ఊస్పెన్‌స్కయా గొంతు తీసేయలేదు, దాన్నే అమ్ముకున్నారు. అమెరికా వాడి చెవికి ఆ యాస ‘ఎక్కడో పరాయి దేశం’. ఏ దేశమైనా ఒకటే. అందుకని ఆవిడ ఒకే యాసతో ఆస్ట్రియా దొరసాని అయింది, ‘కాంక్వెస్ట్’లో పోలండ్ జమీందారిణి అయింది, ‘ది మోర్టల్ స్టార్మ్’లో జర్మనీ రైతు తల్లి, ‘ది షాంఘై జెస్చర్’లో చైనా ఆయా, ‘వుల్ఫ్ మ్యాన్’లో జిప్సీ. 1945లో టార్జాన్ సినిమాలో అమెజాన్ వీరవనితల రాణి కూడా ఆవిడే, అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు.

ఇందులో మన వాటా కూడా ఉంది. 1939లో ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ తీసిన ‘ది రెయిన్స్ కేమ్’లో ఆవిడ రాంచీపూర్ అనే సంస్థానానికి మహారాణి. వైద్యుడు రామా సఫ్తీగా టైరోన్ పవర్ ముఖానికి రంగు పూసుకుని వేశాడు. భూకంపం వచ్చి, ఆనకట్ట తెగి ఊరు మునిగిపోయే ఆ దృశ్యాలకు, ప్రత్యేక దృశ్యాల కోసం పెట్టిన మొదటి ఆస్కార్ దక్కింది. పోటీలో ‘గాన్ విత్ ది విండ్’ ఉన్నా ఓడిపోయింది. సినిమాలో మన దేశం అట్టముక్కల దేశం, నవ్వొస్తుంది. కానీ రాజు పోయాక రాజ్యం నెత్తిన వేసుకున్న ఆ పొట్టి ముసలావిడ ఆజ్ఞలిస్తుంటే నవ్వడం కుదరదు. రాణి అంటే గొంతు పెంచనక్కరలేని మనిషి అని ఆవిడకు తెలుసు. ఇది మన పౌరాణిక నాటకాల్లో చాలామంది రాణులకు తెలియదు.

నాకు బాగా ఇష్టమైనది ‘కాంక్వెస్ట్’ (1937). గ్రెటా గార్బో హీరోయిన్, నెపోలియన్‌గా చార్లెస్ బోయెర్. ఊస్పెన్‌స్కయా మతి మందగించిన పండు ముసలి. యూరప్ అంతా గడగడలాడించే చక్రవర్తి వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆయనెవరో ఆవిడ ఒక పట్టాన నమ్మదు. ఇద్దరూ పేకాటకు దిగుతారు. ముక్కల్లో మోసం చేస్తున్నావని ఆయన్నే దబాయిస్తుంది. పోయిన కాలంలోనే ఉండిపోయిన మనిషిని వేయడంలో పెద్ద గొయ్యి ఒకటుంది, వేసేవాళ్ళు తాము ముసలితనం చేస్తున్నామని చూపిస్తారు. చేయి వణికిస్తారు, నోరు జారవిడుస్తారు. ఈవిడ అదేమీ చేయదు. తను చెప్పేదే నిజమని పూర్తిగా నమ్ముతుంది, మతి పోయింది ఎదుటివాడికేనన్నట్టు చూస్తుంది. గార్బో, బోయెర్ ఉన్న సినిమాలో ఆ కాసేపూ నా కళ్ళు ఇంకెవరి మీదికీ పోవు.

1940లో ఆవిడ రెండుసార్లు డాన్సు మాస్టారు అయింది. ‘వాటర్లూ బ్రిడ్జ్’లో వివియన్ లీ ఉద్యోగం ఊడగొట్టే కఠినాత్మురాలు. ‘డాన్స్, గర్ల్, డాన్స్’లో కథ చేతికి వచ్చినప్పుడు మాస్టారు పాత్ర మగవాడిది. దర్శకురాలు డొరోథీ ఆర్జ్‌నర్ దాన్ని ఆడమనిషిగా మార్చి ఊస్పెన్‌స్కయాకు ఇచ్చింది. అప్పట్లో హాలీవుడ్ పెద్ద స్టూడియోల్లో ఆడ డైరెక్టరు అంటే ఆర్జ్‌నర్ ఒక్కతే. శిష్యురాలి ఆట చాటు నుంచి చూసే గురువు వేషం అది. ఆవిడ తన జీవితాన్నే కొంచెం తీసి తెర మీద పెట్టినట్టు ఉంటుంది.

స్కూలును కూడా హాలీవుడ్‌కే మార్చుకుంది. సినిమా డబ్బు వచ్చేది, స్కూలు తినేది. నాటకం కోసం చీరలూ గొలుసులూ తాకట్టు పెట్టినవాళ్ళను చూసినదాన్ని కాబట్టి ఆ లెక్క నాకు బాగా అర్థమవుతుంది. ఆవిడ కట్టిన తోడేలు తల్లి, చైనా ఆయా, అమెజాన్ రాణి, అందరూ కలిసి ఒక బడిని పోషించారు. అందుకే ఆ సినిమాలను చూసి పెదవి విరిచేవాళ్ళంటే నాకు మంట. చిన్న సినిమా కదా అని ఆవిడ ఎక్కడా చేతులు దులుపుకోలేదు. ‘వుల్ఫ్ మ్యాన్’లో చచ్చిపోయిన కొడుకు శవపేటిక పక్కన నిలబడి చెప్పే మాటలు చూడండి, చెహోవ్ నాటకంలో ఎంత శ్రద్ధ పెట్టేదో అక్కడా అంతే పెట్టింది.

1949 చివర్లో ఇంట్లో నిప్పంటుకుని ఒళ్ళు కాలింది. సిగరెట్టు చేతిలో ఉండగా నిద్రపోయిందంటారు. దానికి తోడు పక్షవాతం. డిసెంబర్ 3న పోయింది, డెబ్బై మూడేళ్ళు. గ్లెండేల్‌లో సమాధి చేశారు.

పాతికేళ్ళ తరవాత స్ట్రాస్‌బర్గ్‌ను ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగంలో ముసలి గూండా హైమన్ రోత్ వేషానికి పిలిచారు. ఆయనకూ సహాయ నటుడిగా నామినేషన్ వచ్చింది, మేడమ్ లాగే ఆయనా ముసలితనంలో తెరకెక్కి, ఆవిడ లాగే ఓడిపోయాడు. గెలిచింది అదే సినిమాలో నటించిన రాబర్ట్ డి నీరో. ఆయన స్టెల్లా ఆడ్లర్ దగ్గర చదువుకున్నాడు. ఎటు తిరిగినా బహుమతి మేడమ్ ఇంట్లోనే పడింది!

సీరియల్ సెట్లో కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నటన ఎక్కడ నేర్చుకోవాలాంటీ అని నన్ను అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పేదే మీకూ చెబుతాను. ‘డాడ్స్‌వర్త్’ వెతికి చూడండి. చివరికి వచ్చేసరికి ఆ దొరసాని సీను వస్తుంది. ఒకసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండు పూర్తిగా తీసేసి, ఎదుటి మనిషి మాట్లాడుతున్నంతసేపూ ఊస్పెన్‌స్కయా ముఖాన్ని మాత్రమే చూడండి.